ఒంగోలు గిత్త - అమెజాన్ అడవి

ఒంగోలు పట్టణానికి కొద్ది మైళ్ళ దూరంలో కరవది అనే ఊరుంది. ప్రకాశం జిల్లా వారిని మినహాయిస్తే, అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారిలో చాలామంది ఆ పేరు విని ఉండకపోవచ్చు. కాని ఇక్కడికి వేల మైళ్ళ దక్షిణాన బ్రెజిల్ దేశంలో, మేలుజాతి పశువులను పెంచే ఏ ఆసామిని అడిగినా "కర్వాది" ఎవరో ఠక్కున చెబుతాడు. అది 1960ల ఆరంభంలో మన సీమ నుండి ఆ దేశానికి వెళ్ళిన ఒక ఆంబోతు పేరు. ఊరి పేరే దాని పేరయింది. ఆ రోజుల్లోనే వెళ్ళిన మరో ఆంబోతు పేరు "గోదావరి". ఇంకొకదాని పేరు "చేకూరపాడు". ఈనాడు బ్రెజిల్లో కోట్ల సంఖ్యలో ఉన్న తెల్లని మూపురపు పశువుల వంశవృక్షాలు వెనక్కి చూసుకుంటూ పోతే, ఇటువంటి తెలుగు పేర్ల దగ్గరికి చేరుకుంటాయి.

ఇది విన్న తెలుగువాడెవడైనా మీసం మెలివేయక మానడు. అందులో తప్పు లేదు. ఐతే ఈ కథకు రెండవ భాగం ఒకటి ఉంది. ఆ మందలు నేడు మేస్తున్న బీళ్ళలో పెద్ద భాగం ముప్పై నలభై ఏళ్ళ కిందటి వరకు అమెజాన్ అడవి. ఆ అడవి ఎందుకు పోయింది, ఎవరు కొట్టారు, అందులో మన గిత్త పాత్ర ఎంత, మనం కార్లలో పోసుకునే ఇంధనం పాత్ర ఎంత అన్నది చరిత్ర. ఆ చరిత్రను మన పండుగ సంచికలో చెప్పుకోవడానికి కారణం, గర్వపడే హక్కు ఉన్న చోట తెలుసుకునే బాధ్యత కూడా ఉంటుందని.

గుండ్లకమ్మ తీరాన

ఒంగోలు జాతి పశువులకు పుట్టినిల్లు నేటి ప్రకాశం, గుంటూరు, నెల్లూరు ప్రాంతాలు. బ్రిటిషువారి కాలంలో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. అందువల్లనే పాత ఆంగ్ల గ్రంథాలలో ఈ జాతిని "నెల్లూరు పశువులు" అన్నారు. బ్రెజిల్ వారు నేటికీ "నెలోర్" అనే పిలుస్తారు.

ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు, తెల్లని వెంట్రుక, దాని కింద నల్లని చర్మం, పొట్టి కొమ్ములు ఈ జాతి లక్షణాలు. చూపుకు ఎంత అందమో పనికి అంత గట్టిది. రోళ్ళు పగిలే ఎండలో అరక దున్నింది, మోట లాగింది, బరువు బండ్లు ఈడ్చింది. ఎండను తట్టుకోవడం, పిడుదులకు లొంగకపోవడం, నాసిరకం మేతతోనే ఒళ్ళు నిలుపుకోవడం దీని గొప్ప గుణాలు. ఈ మూడు గుణాలను చదువరులు గుర్తుపెట్టుకోవాలి. ముందు ముందు కథంతా వీటి మీదే నడుస్తుంది.

మన రైతు ఇంట ఈ పశువు అడవిని తిని బతకలేదు. మనిషి తినగా మిగిలిన దానితో బతికింది. గింజలు ఇంట్లోకి, జొన్నచొప్ప, వరిగడ్డి పశువుల కొట్టంలోకి. గానుగలో నూనె ఇంటికి, తెలగపిండి పశువుకి. పశువు తిరిగి ఇచ్చింది పేడ. అది ఎరువై మళ్ళీ చేలోకి పోయింది. ఒక జత ఎద్దులున్న కాపు ఐదారెకరాలు సేద్యం చేసుకున్నాడు. పశువుకీ నేలకీ మధ్య ఈ లెక్క తరతరాలుగా కుదిరి ఉండేది. దానిని ఎవరూ పుస్తకాల్లో రాసిపెట్టలేదు. కనుమనాడు పశువుకు పసుపు కుంకుమలు పెట్టి, మెడలో దండలు వేయడంలోనే అదంతా ఇమిడి ఉంది.

సముద్రాలు దాటిన వైనం

బ్రెజిల్లో పశువులను మొదట దించినవారు పోర్చుగీసువారు, 16వ శతాబ్దంలో. అవి ఐరోపా జాతులు. ఉష్ణమండలపు వేడికి, పురుగు పుట్రకు అలవాటుపడేసరికి చిన్నవైపోయాయి, ఎదుగుదల మందగించింది. ఆ దేశపు పశుపోషకుల చరిత్ర ప్రకారం, 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ ఒకటి బాహియా తీరాన సాల్వడోర్ రేవులో ఆగినప్పుడు, అందులోని ఒంగోలు జంట ఒకటి అక్కడే అమ్ముడుపోయింది. 1878లో రియో ప్రాంతపు ఆసామి మనుయెల్ లెంగ్రూబర్ జర్మనీలోని హాంబర్గులో జంతుప్రదర్శనశాలలో ఈ జాతి పశువులను చూసి ముచ్చటపడి ఒక జతను కొని తెచ్చుకున్నాడు. అక్కడినుంచి ఆ దేశంలో మన పశువుకు పేరు మొదలయింది.

19వ శతాబ్దం చివర్లో మినాస్ జెరాయిస్ రాష్ట్రంలోని ఉబెరాబా పట్టణపు వర్తకులు తామే భారతదేశానికి ప్రయాణం కట్టారు. ఒంగోలుతో పాటు గుజరాతు నుండి గిర్, కాంక్రేజ్ జాతులను తీసుకువెళ్ళారు. ఈ వ్యాపారంలో ఒక అనర్థం కూడా జరిగింది. 1920లో భారతదేశం నుండి బ్రెజిల్ పోతున్న పశువులు బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో దిగినప్పుడు వాటితో వచ్చిన ముసరరోగం ఆ దేశపు మందలకు సోకింది. దాని ఫలితంగానే 1924లో పారిస్ కేంద్రంగా అంతర్జాతీయ పశువ్యాధుల సంస్థ పుట్టింది. 1921లో బ్రెజిల్లో కూడా ఆ రోగం కనిపించడంతో అక్కడి ప్రభుత్వం దిగుమతులను నిషేధించింది. ఆ తరువాత 1930లో ఒకసారి, 1960ల ఆరంభంలో మరొకసారి ప్రత్యేక అనుమతులతో పశువులు వెళ్ళాయి. కర్వాది వెళ్ళింది ఆ చివరి విడతలోనే.

మొత్తం మీద మన దేశం నుండి అక్కడికి వెళ్ళిన మూపురపు పశువులు, అన్ని జాతులూ కలిపి, కొన్ని వేలకు మించవు. 2022 లెక్కల ప్రకారం బ్రెజిల్ జనాభా సుమారు 20 కోట్ల 30 లక్షలైతే, పశువులు సుమారు 23 కోట్ల 40 లక్షలు. మాంసానికి పెంచే పశువులలో నూటికి ఎనభై వరకు నెలోర్ జాతివో, ఆ రక్తం కలిసినవో అని అక్కడి పశుపోషకుల అంచనా. 2023లో ఒక నెలోర్ ఆవులో మూడోవంతు వాటాను వేలం వేస్తే, ఆ ధర ప్రకారం ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లకు పైగా తేలింది. ఆ వార్త మన తెలుగు పత్రికలలోనూ వచ్చింది.

మనం ఉంటున్న ఈ అమెరికాలో కూడా మన పశువు జాడ ఉంది. టెక్సాస్, ఫ్లోరిడా, లూసియానా బీళ్ళలో కనిపించే "బ్రాహ్మన్" పశువులు ఒంగోలు, గిర్, కాంక్రేజ్ మొదలైన మన జాతుల కలయికే. 1920లలో బ్రెజిల్ నుండి మెక్సికో మీదుగా వచ్చిన పశువులు కూడా వాటిలో కలిశాయి. ఇండోనేషియాలోని సుంబా ద్వీపంలో ఉన్న జాతికి నేటికీ ఒంగోలు అనే పేరు.

అడవిలోకి దారి పడింది

బ్రెజిల్ అనే పేరే ఒక చెట్టు పేరు. 1500లో ఆ తీరానికి చేరిన పోర్చుగీసువారు ఎర్రరంగు తీసే ఒక చెట్టు కోసం మొదట అడవిని నరికారు. దేశానికి ఆ చెట్టు పేరే నిలిచింది. ఆపైన చెరుకు, ఆపైన బంగారు గనులు, 19వ శతాబ్దంలో కాఫీ - ఒకదాని వెంట ఒకటి వచ్చి తూర్పు తీరాన ఉన్న అట్లాంటిక్ అడవిని మింగాయి. నేడు అందులో మిగిలింది ఎనిమిదో వంతు మాత్రమే. కాని లోపలి భాగంలోని అమెజాన్ అడవి 20వ శతాబ్దం సగం గడిచేవరకు ఇంచుమించు చెక్కుచెదరలేదు. దానికి కారణం దయ కాదు, దారి లేకపోవడం.

1960లో రాజధాని లోపలి పీఠభూమిలోని బ్రెజీలియాకు మారింది. అక్కడినుంచి ఉత్తరాన బెలెం వరకు రోడ్డు పడింది. 1964లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. అడవి ఖాళీగా ఉంటే పరాయిదేశాలు కన్నువేస్తాయని సైనిక ప్రభుత్వం భయం. 1966లో కొత్త పథకం పెట్టింది. కంపెనీలు తాము కట్టవలసిన ఆదాయపు పన్నులో సగం వరకు ప్రభుత్వానికి కట్టకుండా అమెజానులో పెట్టుబడి పెట్టుకోవచ్చు. దక్షిణాది బ్యాంకులు, కర్మాగారాలు ఎగబడి వేల ఎకరాలలో పశుక్షేత్రాలు తెరిచాయి. కార్లు తయారుచేసే ఫోక్స్‌వాగన్ కంపెనీ సైతం పారా రాష్ట్రంలో మూడు లక్షల ఎకరాలకు పైబడిన క్షేత్రం నడిపింది. అక్కడి కూలీలను బానిసల వలె పనిచేయించారన్న కేసులో 2025లో బ్రెజిల్ కార్మిక న్యాయస్థానం ఆ కంపెనీకి భారీ పరిహారం విధించింది. అప్పీలు చేస్తామని కంపెనీ ప్రకటించింది.

1970లో ఈశాన్య బ్రెజిల్లో ఘోరమైన కరువు వచ్చింది. భూస్వాముల భూమిని పంచడానికి మనసురాని ప్రభుత్వం బీదలను అడవిలోకి పంపడానికి నిశ్చయించుకుంది. "మనుషులు లేని నేల, నేల లేని మనుషులకు" అన్నది ఆనాటి నినాదం. మనుషులు లేని నేల అన్నది అబద్ధం. అక్కడ ఆదివాసులు వేల సంవత్సరాలుగా ఉన్నారు. 1970లో అమెజాన్ మహామార్గం పని మొదలై 1972లో రాకపోకలకు తెరిచారు. కుటుంబానికి 250 ఎకరాల చొప్పున లక్ష కుటుంబాలను నిలుపుతామన్నారు. మొదటి అయిదేళ్ళలో వచ్చింది అందులో పదోవంతు కూడా కాదు. వచ్చినవారిలోనూ చాలామంది మలేరియాతో, పండని నేలతో వేగలేక వెనుదిరిగారు. వారు విడిచిన భూమి పశువుల ఆసాముల చేతికి చిక్కింది. 1980లలో ప్రపంచబ్యాంకు ఋణంతో రొండోనియా రాష్ట్రంలోకి తారురోడ్డు వేయడంతో అక్కడా ఇదే కథ నడిచింది.

అడవి నరికినవాడు పశువులనే ఎందుకు ఎంచుకున్నాడు? ఆనాటి ఆచారంలో భూమి మీద హక్కు నిలవాలంటే దానిని "బాగుచేసినట్టు" చూపాలి. బాగుచేయడమంటే అడవి కొట్టడమే. కొట్టిన నేలలో అతి తక్కువ ఖర్చుతో, అతి తక్కువ కూలీలతో "నేను సాగులో ఉన్నాను" అని చూపగలిగేది గడ్డి చల్లి పశువులను వదలడం. పంటను లారీలో తీసుకుపోవాలి, పశువు తన కాళ్ళమీద తానే నడిచి సంతకు పోతుంది. పైగా ఆ రోజుల్లో ధరలు రోజురోజుకీ మండిపోతుండేవి. చేతిలో డబ్బు నిలవదు, భూమి నిలుస్తుంది. అందుచేత చాలా క్షేత్రాలు మాంసం కంటే భూమి ధర మీదే లాభం చూసుకున్నాయి. వాన తగ్గిన నెలల్లో చెట్లు కొట్టి ఎండబెట్టడం, ఆగస్టు సెప్టెంబరుల్లో నిప్పు పెట్టడం, బూడిద మీద ఆఫ్రికా నుండి తెచ్చిన గడ్డి విత్తనం చల్లడం - ఇదీ పద్ధతి.

ఐరోపా జాతి పశువు ఆ వేడికి, ఆ పిడుదులకు, ఆ ముతక గడ్డికి నిలవదు. మన గిత్త సంతతి నిలిచింది. గుండ్లకమ్మ తీరాన మెట్ట రైతుకు అన్నం పెట్టిన ఆ మూడు గుణాలే అడవి నరకడాన్ని గిట్టుబాటు వ్యాపారంగా మార్చాయి. నరికిన అమెజాన్ నేలలో సుమారు నూటికి ఎనభై పాళ్ళు పశువుల బీడుగా మారిందని అంచనా. దేశం మొత్తం పశువులలో దాదాపు ఐదింట రెండు వంతులు ఇప్పుడు అమెజాన్ ప్రాంతంలోనే ఉన్నాయి. రెండున్నర ఎకరాల బీటికి సగటున ఒకే పశువు. ఇంత వదులుగా మేపుతున్నారంటే భూమి అంత చవక అన్నమాట.

చెరుకు, సోయా, మన కారు

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగినప్పుడు బ్రెజిల్ తనకు కావలసిన చమురులో నూటికి ఎనభై పాళ్ళు దిగుమతి చేసుకుంటోంది. 1975 నవంబరులో ప్రభుత్వం చెరుకు నుండి తీసిన ఆల్కహాలును పెట్రోలులో కలిపే జాతీయ పథకం ప్రారంభించింది. 1979లో పూర్తిగా ఆల్కహాలుతోనే నడిచే కారు వచ్చింది. 1980ల మధ్యకు కొత్తగా అమ్ముడైన కార్లలో నూటికి తొంభై దాకా అవే. చమురు చవకై, చక్కెర ధర పెరిగి 1989లో ఆల్కహాలు దొరక్క జనం అవస్థపడ్డారు. 2003లో రెండు ఇంధనాలతోనూ నడిచే కార్లు వచ్చాక మళ్ళీ ఊపందుకుంది.

ఈ పథకంలో మెచ్చుకోవలసినవి ఉన్నాయి. చెరుకు పిప్పినే మండించి మిల్లు నడుపుకోవచ్చు గనుక, మొక్కజొన్న ఆల్కహాలు కన్నా చెరుకు ఆల్కహాలు ఎంతో లాభసాటి. నష్టాలూ ఉన్నాయి. లీటరు ఆల్కహాలుకు పది లీటర్లకు పైగా మిగిలే మురుగు ద్రవాన్ని తొలినాళ్ళలో నదుల్లోకి వదిలారు. చేపలు చచ్చిపోయాయి. తరువాత దానిని పొలాలకు ఎరువుగా పారించడం నేర్చారు. కోతకు ముందు చెరుకు తోటలు తగలబెట్టడంతో ఊళ్ళ మీద మసి కురిసేది. యంత్రాలు వచ్చాక అది చాలావరకు తగ్గింది.

చెరుకు ప్రధానంగా పండేది సావోపాలో రాష్ట్రంలో. అది అమెజానుకు వెయ్యి మైళ్ళకు పైగా దూరం. అందుచేత ఆల్కహాలుకు అడవికి సంబంధమే లేదని మిల్లులవారు వాదించారు. ఆ మాటలో సగం నిజం. చెరుకు నేరుగా అడవిలోకి పోలేదు. దక్షిణాన పశువుల బీడును చెరుకు ఆక్రమిస్తే, నడిమి బ్రెజిల్లో బీడును సోయా ఆక్రమిస్తే, ఆ బీడు అమ్మిన ఆసామి వచ్చిన డబ్బుతో ఉత్తరాన పదింతల చవక భూమి కొనుక్కున్నాడు. చెరుకు సోయాను, సోయా పశువును, పశువు అడవిని నెట్టుకుంటూ పోయాయి. 2008లో "సైన్స్" పత్రికలో వచ్చిన రెండు పరిశోధనలు ఈ లెక్కను ప్రపంచం ముందుంచాయి. వాటిలో ఒకదాని ప్రకారం, అమెజాన్ అడవి కొట్టి పండించిన సోయానూనెతో డీజిలు చేస్తే, అడవి కాల్చినప్పుడు గాలిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు అప్పు తీరడానికి దాదాపు 320 ఏళ్ళు పడుతుంది. నడిమి బ్రెజిల్ పొదలమైదానం చెరుకు తోటగా మారితే ఆ అప్పు 17 ఏళ్ళలో తీరుతుంది. ఇంధనం మంచిదా చెడ్డదా అన్నది సీసాలో ఉన్నదాన్ని బట్టి కాదు, అది పండిన నేలలో అంతకుముందు ఏముండేదన్న దానిని బట్టి.

2009లో బ్రెజిల్ ప్రభుత్వం అమెజానులో, పంతనాల్ చిత్తడినేలల్లో చెరుకు వేయరాదని హద్దులు గీసింది. 2019లో మరో ప్రభుత్వం ఆ హద్దులు చెరిపివేసింది. డీజిలులో కలిపే జీవనూనెకు ప్రధానంగా సోయానూనె వాడతారు, దాని తరువాతి స్థానాల్లో పశువుల కొవ్వు కూడా ఉంది. అంటే మన గిత్త సంతతి చివరకు ఇంధనపు తొట్టిలోకి కూడా చేరింది.

ఇది బ్రెజిల్ వారి గొడవ మాత్రమే అనుకోవడానికి లేదు. 2005లోను, 2007లోను చేసిన చట్టాలతో అమెరికాలో మనం పోయించుకునే పెట్రోలులో మొక్కజొన్న ఆల్కహాలు సాధారణంగా పదో వంతు ఉంటోంది. ఈ దేశపు మొక్కజొన్నలో మూడోవంతుకు పైగా దానికే పోతోంది. ఇక్కడ సోయా పొలం మొక్కజొన్నగా మారితే, సోయాకు గిరాకీ దక్షిణాది దేశాల వైపు మళ్ళుతుంది. మన భారతదేశం కూడా 2025 నాటికి పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళు ఆల్కహాలు కలిపే స్థితికి చేరింది.

నేల, నీరు, గాలి

అంత దట్టమైన అడవి ఉన్న నేల ఎంతో సారవంతమై ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. అమెజానులో చాలాచోట్ల అది తారుమారు. సారమంతా చెట్లలోనే ఉంటుంది. రాలిన ఆకు కుళ్ళిన వెంటనే వేళ్ళు పీల్చుకుంటాయి. అడవిని కాలిస్తే బూడిద బలంతో రెండు మూడేళ్ళు గడ్డి ఏపుగా వస్తుంది. ఆపైన వానలకు సారం కొట్టుకుపోతుంది, పశువుల గిట్టల కింద నేల గట్టిపడుతుంది, తుప్పలు మొలుస్తాయి. ఆసామి మరికొంత అడవి వైపు చూస్తాడు. మన తూర్పు కనుమల్లో గిరిజనుల పోడు గురించి మనకు తెలుసు. పాతకాలపు పోడులో చిన్న చెక్క కొట్టి, రెండు మూడేళ్ళు పండించి, తిరిగి అడవి పెరగడానికి ఏళ్ళ తరబడి వదిలేవారు. అమెజాన్ ఆదివాసులదీ అదే పద్ధతి. పశువుల బీడు అడవిని తిరిగి లేవనివ్వదు.

నీటి సంగతి ఇంకా ముఖ్యం. 1970లలో బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాతి ఒక ముఖ్యమైన విషయం నిరూపించాడు. అమెజానులో పడే వానలో దాదాపు సగం సముద్రం నుండి నేరుగా వచ్చేది కాదు, అడవి తానే ఆవిరిగా వదిలి తిరిగి కురిపించుకునేది. ఒక్కొక్క మహావృక్షం రోజుకు వందల లీటర్ల నీటిని గాలిలోకి పంపుతుంది. ఆ తేమ గాలులలో కలిసి ఆండీస్ కొండలకు తగిలి దక్షిణానికి మళ్ళి సావోపాలో పొలాలను తడుపుతుంది. అక్కడివారు వాటిని ఎగిరే నదులంటారు. అంటే చెరుకు తోటకు, సోయా చేనుకు, పశువుల బీటికి కూడా వాన పంపేది ఆ అడవే. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమని మన పెద్దలన్నది దీనికి అక్షరాలా సరిపోతుంది.

ఇప్పటికి అమెజాన్ అడవిలో ఆరో వంతుకు పైగా పోయింది. ఐదో వంతు నుండి నాలుగో వంతు మధ్యకు చేరితే మిగిలిన అడవి తన వానను తాను కురిపించుకోలేక పెద్ద భాగాన ఎండిన పొదలమైదానంగా మారవచ్చని థామస్ లవ్‌జాయ్, కార్లోస్ నోబ్రె అనే శాస్త్రవేత్తలు 2018లో హెచ్చరించారు. ఆగ్నేయ అమెజాన్ తాను పీల్చుకునే దానికన్నా ఎక్కువ బొగ్గుపులుసు వాయువును వదులుతోందని 2021లో కొలతలు చూపాయి. 2019 ఆగస్టు 19న అడవుల పొగ కమ్మి సావోపాలో నగరంలో పట్టపగలు చీకటిపడింది. 2023లో మనౌస్ నగరం దగ్గర నీగ్రో నది 1902లో కొలతలు మొదలైన తరువాత ఎన్నడూ లేనంత అడుగుకు దిగింది. 2024లో అంతకన్నా దిగింది. నెమరువేసే పశువు వదిలే మీథేను వాయువు సంగతి దీనికి అదనం.

అడ్డు నిలిచినవారు

అడవిని కొట్టినవారి చరిత్ర ఎంత ఉందో, ఆపినవారి చరిత్ర కూడా అంత ఉంది. అక్రి రాష్ట్రంలోని షాపురి ఊరిలో షికో మెండెస్ అనే రబ్బరు కూలీ ఉండేవాడు. అడవిలోని రబ్బరు చెట్లకు గాటుపెట్టి పాలు తీసుకుని బతికే కుటుంబం. 1970లలో ఆసాములు అడవిని కొని నరకడం మొదలుపెడితే, అతనూ అతని తోటివారూ పిల్లాపాపలతో వెళ్ళి రంపాల ముందు వరుసగా నిలబడేవారు. అదే దశకంలో మన హిమాలయాలలో చిప్కో ఉద్యమపు స్త్రీలు చెట్లను కౌగిలించుకుని నిలవడం మనకు తెలిసిందే. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రెండు ఖండాలలో బీదలకు ఒకే ఉపాయం తోచింది. 1988 డిసెంబరు 22న, 44వ పుట్టినరోజు జరిగిన వారానికి, షికో మెండెస్‌ను ఇంటి పెరటి గుమ్మంలోనే కాల్చి చంపారు. ఒక పశువుల ఆసామికి, అతని కొడుకుకు 1990లో శిక్ష పడింది. ఆ ఏడే షికో మెండెస్ పేరిట, అక్కడివారు రబ్బరు పాలు, కాయలు తీసుకుని బతికే రక్షిత అడవి ఏర్పడింది. ఒహాయో రాష్ట్రంలో పుట్టి, ముప్పై ఏళ్ళకు పైగా బ్రెజిల్ బీదరైతుల మధ్య బతికిన సన్యాసిని డొరొతి స్టాంగ్‌ను 2005 ఫిబ్రవరిలో అదే విధంగా చంపారు. ఆమెకు 73 ఏళ్ళు.

1988 నుండి బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ ఉపగ్రహాల సాయంతో ఏటా ఎంత అడవి పోయిందో లెక్కకడుతోంది. 1995లో 29,000 చదరపు కిలోమీటర్లు పోయింది. ఆ దెబ్బతో 1996లో, అమెజానులో భూమి ఉన్నవాడు నూటికి ఎనభై పాళ్ళు అడవిగానే ఉంచాలని నిబంధన బిగించారు. అయినా 2004లో 27,800 చదరపు కిలోమీటర్లు పోయింది. ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు జిల్లాలు రెండూ కలిపితే దాదాపు 30,700. మన గిత్త పుట్టినిల్లంత అడవి ఇంచుమించు ఒక్క ఏడాదిలో పోయిందన్నమాట.

ఆ ఏడాదే, రబ్బరు కూలీల కుటుంబంలో పుట్టి షికో మెండెస్‌తో కలిసి పనిచేసిన మరీనా సిల్వా పర్యావరణ మంత్రిగా ఉండగా, ప్రభుత్వం గట్టి పథకం చేపట్టింది. ఉపగ్రహం చూపిన చోటికి అధికారులు వెంటనే వెళ్ళారు. కొత్త అభయారణ్యాలను, ఆదివాసుల హద్దులను ప్రకటించారు. 2006లో సోయా వర్తకులు కొత్తగా నరికిన నేల పంట కొనబోమని ఒప్పుకున్నారు. 2008లో చట్టం పాటించని వారికి బ్యాంకు అప్పులు ఆపారు. 2009లో పెద్ద కబేళాలు అటువంటి పశువులను కొనబోమని సంతకం చేశాయి. 2012 నాటికి నష్టం 4,600 చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. ఈ ఏళ్ళలో సోయా దిగుబడి తగ్గలేదు, పెరిగింది. తరువాత పట్టు సడలి 2021లో 13,000 దాటింది. మళ్ళీ బిగించగా 2024లో 6,300కు దిగింది. నరకడం విధి కాదు, విధానం అనడానికి ఈ అంకెలకు మించిన సాక్ష్యం అక్కరలేదు. దొంగదారులు మాత్రం పూర్తిగా మూతపడలేదు. నిషిద్ధ భూమిలో పుట్టిన దూడను సక్రమమైన క్షేత్రానికి తోలి, అక్కడినుంచి కబేళాకు అమ్మడం ఇప్పటికీ పెద్ద చిక్కు.

మన మాట

పుట్టినింట మన గిత్త పరిస్థితి వేరు. ట్రాక్టరు వచ్చి అరక పోయింది. పాలకోసం గేదెలు, సంకర జాతి జెర్సీలు వచ్చాయి. బండలాగుడు పందాలకు పెంచే షోకుదార్లు, గుంటూరు దగ్గర లాం వంటి పశు పరిశోధన కేంద్రాలు జాతిని కాపాడుతున్నాయి గాని, మేలిరకం జత ఇంటింటా కనిపించే రోజులు పోయాయి. పుట్టినింట తగ్గుతున్నది మెట్టినింట కోట్లయింది.

గిత్తను నిందించడం అన్యాయం. అది ఎక్కడికి తోలితే అక్కడ మేసింది. పుట్టినింట దాని చుట్టూ ఒక లెక్క ఉండేది. చొప్ప తిని పేడ ఇచ్చేది. మెట్టినింట పన్నురాయితీ, రోడ్డు, భూమి ఆశ దాని చుట్టూ చేరాయి. ఆ లెక్కను మనుషులు మార్చారు, మార్చవలసిందీ మనుషులే. బ్రెజిల్లో ఇప్పటికే కొందరు రైతులు పాడైన బీళ్ళను బాగుచేసి, చెట్ల నీడన, పంటతో కలిపి పశువులను పెంచుతున్నారు. ఉన్న బీటిలోనే ఒకటికి రెండు పశువులు మేస్తే కొత్త అడవి కొట్టనక్కరలేదన్నది వారి వాదన. అది మన పాత లెక్కకు దగ్గరిదే.

మనలో చాలా ఇళ్ళల్లో గొడ్డు మాంసం ముట్టం కాబట్టి ఇందులో మన పాలు లేదనుకోవచ్చు. కాని తోలు చెప్పుల్లో ఉంది, కారు సీట్లలో ఉంది. సోయా మనం తినే కోడికి మేత. ఆల్కహాలు మన పెట్రోలులో ఉంది. ఎక్కడినుంచి వచ్చిందని దుకాణంలో అడగడం, ఇంధనం గురించి చట్టాలు వచ్చినప్పుడు మన ప్రతినిధులకు ఒక ఉత్తరం రాయడం మన చేతిలో ఉన్న పనులు. ఈ దేశంలో ఓటున్న వారికి ఆ వీలు మరీ ఎక్కువ.

ఈ సంక్రాంతికి పిల్లలు గంగిరెద్దు బొమ్మకు రంగులు వేసేటప్పుడు ఒంగోలు గిత్త ప్రపంచాన్ని జయించిన కథ తప్పకుండా చెప్పండి. దానితోపాటు షికో మెండెస్ కథ కూడా చెప్పండి. రెండూ కలిపి వింటేనే కరవది నుంచి షాపురి దాకా సాగిన ఈ చరిత్ర వారికి పూర్తిగా అర్థమవుతుంది.